డేగరంగు చొక్కా

మా తాతయ్య శివరామకృష్ణయ్యకు పుంజులంటే ప్రాణం. మనుషులంటే కూడా ఇష్టం లేకపోలేదు గానీ, ఆ మనిషిలో పుంజు లక్షణం ఏదో ఒకటి కనబడాలి. మా తమ్ముడు మోహన్‌కృష్ణలో కనబడింది. అదే వాడి కొంప ముంచింది. నాలో కనబడలేదు, ఎందుకంటే నేను కోడిపెట్టనట. ఈ మాట నాది కాదు, సాక్షాత్తు తాతయ్య నోట్లోంచి వచ్చిందే. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

మాది కన్నడ సీమలో, కంప్లి పక్కనున్న ఎమ్మిగనూరు దగ్గర కాలవగట్టు క్యాంపు. తుంగభద్ర డ్యాము నీళ్ళు వదిలిన కొత్తలో గుడివాడ వైపు నుంచి వచ్చి, తుమ్మచెట్లు కొట్టి, మడులు కట్టుకున్న కుటుంబాలు మావి. నేనూ తమ్ముడూ ఇక్కడే పుట్టాం, కన్నడ బడిలో చదివాం. అయినా చుట్టుపక్కల ఊళ్ళకు మేం ఇప్పటికీ క్యాంపోళ్ళమే. తాతయ్య ఆ దేశం నుంచి పట్టుకొచ్చిన చదువు ఒక్కటే. ఏ వారం ఏ నక్షత్రాన ఏ రంగు పుంజు గెలుస్తుంది, ఏ దిక్కు నుంచి బరిలోకి దింపాలి, అదంతా ఆయనకు కంఠతా వచ్చు. డేగ అంటే ఎర్రది, కాకి అంటే నల్లది, సేతు అంటే తెల్లది. ఆ రంగుల గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో వచ్చే కళ మా పదో తరగతి మార్కులు చెప్పినప్పుడు ఏనాడూ రాలేదు. నాన్న ఆయన మాట జవదాటడు. అమ్మ నాన్న మాట జవదాటదు. ఇంట్లో నోరున్న వాళ్ళం నేనూ, మా నాన్నమ్మ సుబ్బమ్మా, అంతే.

అప్పట్లో చైనావాళ్ళు మా జిల్లా ఎర్రమట్టిని ఇనుము కోసం ఎగబడి కొంటున్నారు. సండూరు గుట్టల నుంచి టిప్పర్లు రాత్రీ పగలూ దిగేవి. రోడ్డు పక్క వరిపైరు కూడా ఇటుకరంగుకు తిరిగింది. హోస్పేటలో నా డిగ్రీ కాలేజీకి బస్సులో వెళ్ళొచ్చి ముక్కు చీదితే రుమాలంతా ఎర్రగా అయ్యేది. ఆ దుమ్ము అందరి ముక్కుల్లోకీ పోయింది గానీ కొందరి ఇళ్ళలో మాత్రమే పాలరాయి పరిచింది. వాళ్ళలో కెంచనగుడ్డ నారప ఒకడు. తాతముత్తాతల నుంచీ రైతు కుటుంబం. ముందు లారీలు కొన్నాడు, తర్వాత గని పట్టాడు, ఆ తర్వాత కంప్లి దగ్గర నది ఒడ్డున అరటితోట కొట్టించి బంగళా లేపాడు. గేటు దగ్గర సిమెంటు సింహాలు. తోటలో కరెంటు మోటారుతో పారే జలపాతం. పక్కనే తుంగభద్ర ఊరికే పారుతుంటే, దాని మొహాన మోటారు పెట్టిన జలపాతం! డబ్బు ఎక్కువైతే మనిషికి కళ్ళు కూడా పోతాయి కాబోలు.

కంప్లి బస్టాండు ఎదురుగా హొన్నప్ప నెట్ సెంటర్ ఉండేది. సాయంత్రాలు నేనూ మోహనూ అక్కడికి పోయేవాళ్ళం. వాడు పీయూసీ రెండో ఏడాది. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్ తీసుకునేవాళ్ళం కాబట్టి ఆటను పంచుకోవడం అలవాటైంది. అది కత్తుల ఆట. ఇద్దరు వీరులు గుండ్రటి బరిలో తలపడతారు, పడిపోయినవాడు ఓడినట్టు. మౌస్ మోహన్ చేతిలో, అంటే కత్తి వాడిది. కీబోర్డు నా చేతిలో, అంటే కాళ్ళు నావి. ముందుకు దూకడం, వెనక్కి తగ్గడం, దెబ్బ తప్పించుకోవడం నా పని. సమయం చూసి నరకడం వాడి పని. ఒకరికొకరం ఒక్క మాట చెప్పుకోనక్కర్లేకుండా ఆడేవాళ్ళం. బెంగళూరు, చెన్నై, ఎక్కడెక్కడి వాళ్ళో ఆ తెరమీద మా చేతిలో ఓడిపోయి కన్నడంలోనూ అరవంలోనూ మమ్మల్ని తిట్టేవాళ్ళు. తెరమీద మా వీరుడికి ఒకటే పేరు. లోపల ఇద్దరున్నారని ఎవరికీ తెలియదు.

జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్ ఒకటి కూడా ఆ సెంటర్లోనే చూశాం. ఆటల్లో ఆరితేరిన కుర్రాళ్ళు నలుగురు ఓ రోజు ఆడుతూ ఆడుతూ తెరలోంచి ఇంకో లోకంలోకి జారిపడతారు. అక్కడ కోటలు, రెక్కల గుర్రాలు, నీలంరంగు జుట్టు రాకుమార్తెలు. ఆ రాజు వీళ్ళ మెడలో దండలు వేసి, తేనె తాగించి, పళ్ళు తినిపించి, మా తరఫున రాక్షసులతో పోరాడండి అంటాడు. మోహన్ నోరు తెరుచుకుని చూసేవాడు. నాకు ఆ రాజు ముఖం చూస్తేనే అసహ్యం.

"ఇన్ని భాగాలు చూశాం, ఆ రాజ్యంలో ఒక్కడైనా 'బాబూ, మీ అమ్మ మీకోసం వెతుక్కుంటుందేమో' అన్నాడట్రా?" అని అడిగాను.

"నీకు ప్రతిదానికీ వంకలే అక్కా. వాళ్ళు అక్కడ దేవుళ్ళు" అన్నాడు వాడు.

ఆ సీరియల్ పిచ్చి ఉన్నవాడు ఇంకొకడు ఉన్నాడు. నారప కొడుకు సుదర్శన్. పెద్ద నల్లబండిలో హొన్నప్ప దగ్గరికి వచ్చి ఆ సీరియల్ సీడీలు తీసుకెళ్ళేవాడు. ఓ సాయంత్రం మా వెనక నిలబడి ఆట మొత్తం చూశాడు. చూసి మోహన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏంది తమ్ముడూ, ఇట్లా కొడతాండావు! మా తోటలో పెద్ద తెర పెట్టించినాను. ఆ సీరియల్లో లోకం ఉండాది కదా, అట్లా చేస్తాండా. రా, చూద్దువు గాని" అన్నాడు.

కీబోర్డు మీద నా వేళ్ళు ఇంకా ఉన్నాయి. అతనికి కనబడలేదు. నేను తోడు వచ్చాననుకున్నాడు.

వారం తిరక్కుండా నారపే స్వయంగా మా క్యాంపుకు వచ్చాడు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, సంగతి చెప్పాడు. గనుల వాళ్ళకు పొద్దు పోవడం లేదట. ఎవరి టిప్పరు ముందు ఘాటురోడ్డు దిగుతుందో పందెం, ఎవరి కుక్క ముందు మొరుగుతుందో పందెం, అన్నీ అయిపోయాయట. ఇప్పుడు కంప్యూటర్ ఆట. గని పనిలో నారపకు పోటీదారు గాదిలింగప్ప. అతను అప్పుడే బెంగళూరు నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించి పెట్టుకున్నాడు.

"మీ పిల్లోడు మా సైడు ఆడాల, పెద్దాయనా. మా సుదర్శన్ చెప్తాండాడు, వాని చేతిలో ఏదో ఉండాదంట" అన్నాడు నారప.

తాతయ్య మోహన్‌ని పిలిచాడు. దగ్గరికి తీసుకుని వాడి మణికట్టు పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూశాడు. మెడ తిప్పి చూశాడు. పుంజును కొనేటప్పుడు ఎలా చూస్తాడో అచ్చం అలా!

"తాతయ్యా, ఆ ఆట వాడొక్కడిది కాదు. కత్తి వాడిది, కాళ్ళు నావి. ఆడితే ఇద్దరం కలిసి ఆడాలి" అన్నాను.

నారప నవ్వాడు. తాతయ్యకు నవ్వు కూడా రాలేదు, పరువు పోయినట్టు చూశాడు.

"పెట్టను బరిలోకి దింపుతారటే ఎవరైనా? పో లోపలికి" అన్నాడు.

నాన్న గోడకానుకుని నేల చూపులు చూస్తున్నాడు. నాన్నమ్మ మాత్రం "మనవడితో పందేలేవిటండీ, సిగ్గు లేకపోతే సరి" అని లోపల్నుంచే అరిచింది. ఎవరు వింటారు?

ఆ మర్నాటి నుంచీ మోహన్‌కి మేపు మొదలైంది. పొద్దున్నే నానబెట్టిన బాదంపప్పు, ఉడికించిన గుడ్లు, మధ్యాహ్నం మటన్ కైమా. సాయంత్రం తాతయ్య ఇటుకను వేడి చేసి, గుడ్డలో చుట్టి, వాడి మణికట్టుకు కాపడం పెట్టేవాడు. పుస్తకం పడితే కళ్ళు అలిసిపోతాయని కాలేజీ మాన్పించాడు. పీయూసీ పరీక్షలు దగ్గర పడుతున్నాయని నేను గొంతు చించుకుంటే, "పరీక్ష ఏడాదికి రెండుసార్లు వస్తుంది, పేరు ఒక్కసారే వస్తుంది" అన్నాడు. మా వెధవ ఏం చేశాడు? చేతులు చాపుకుని కూర్చుని కాపడం పెట్టించుకున్నాడు! వాడి ముఖంలో ఎంత సంతోషమో. ఇంట్లో మొదటిసారి వాడి వైపు చూసి తాతయ్య నవ్వుతున్నాడు మరి.

పందెం రోజు నేనూ వెంటపడి వెళ్ళాను. ఆ రోజు డేగది గెలుపు అని తాతయ్య లెక్కకట్టాడు. అందుకని మోహన్‌కి తొడగడానికి కంప్లి బజారంతా తిరిగి డేగరంగు చొక్కా ఒకటి తెచ్చాడు. మెరిసే ఎర్ర సిల్కుగుడ్డ. పెళ్ళిలో బ్యాండువాడిలా ఉన్నాడు వాడు. నారప హాల్లో గనుల వాళ్ళు, కాంట్రాక్టర్లు, వాళ్ళ తొత్తులు, అందరూ సోఫాల్లో జారగిలబడి ఉన్నారు. సీసాలు, కోడికాళ్ళు, ఉమ్మితొట్లు. పడమటి గోడంతా అద్దమే. జలపాతం అందరికీ కనబడాలని దానికి తెర కూడా కట్టించలేదు.

తాతయ్య హాలు మధ్యలో నిలబడి, పంచాంగం తీసి, "డేగ తూర్పుముఖంగా ఉండాలి" అన్నాడు. నలుగురు మనుషులు బల్లా కంప్యూటరూ ఎత్తి తిప్పారు. మోహన్ వీపు అద్దాల గోడకు వచ్చింది.

"తాతయ్యా, పొద్దు వాలితే ఎండ నేరుగా ఆ తెరమీద పడుతుంది. వాడికేం కనబడుతుంది?" అన్నాను.

"దిక్కు మార్చకూడదు. నోర్మూసుకో" అన్నాడు.

ఆట మొదలైంది. ఒంటరిగా రెండు చేతుల పనీ చేస్తున్నా మోహన్ బాగానే నిలిచాడు. బెంగళూరు కుర్రాడు చెమటలు తుడుచుకుంటున్నాడు. ఇంతలో పొద్దు వాలింది. ఎండ వచ్చి మా వాడి తెరమీద పడుకుంది. మోహన్ కళ్ళు చికిలించాడు, తల అటూ ఇటూ వంచాడు, ఆఖరికి ఒక చెయ్యి తీసి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. కత్తి చెయ్యి ఖాళీ అయ్యేసరికి అవతలివాడు నరికేశాడు. డేగ పడిపోయింది.

గాదిలింగప్ప తొడ చరిచి లేచాడు. భారీ మనిషి. బొటనవేలికి కూడా ఉంగరం. "హౌదప్పా! బరిలో ఓడిన పుంజు గెలిచినోనికే కదా మీ క్యాంపోళ్ళ లెక్క? అట్లయితే ఈ పిల్లోడు మావాడే ఇంక" అన్నాడు, అందరినీ నవ్విద్దామని.

అందరూ నవ్వారు. అది ఎగతాళి అని పసిపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఒక్క మా తాతయ్యకే అర్థం కాలేదు. లేదా అయి ఉంటుంది, కానీ ఇంతమంది ముందు తన విద్య తప్పిందన్న అవమానం దిగమింగడానికి ఆయనకు ఏదో ఒక పెద్దరికం కావాలి. నిటారుగా నిలబడి, కండువా సర్దుకుని, "ధర్మం ధర్మమేనండీ. ఓడింది మీది. తీసుకెళ్ళండి" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. గాదిలింగప్ప ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత అతనికి ఆ మాట మహా రుచించింది. తన గనిలో ఎంతమంది పనివాళ్ళున్నా, పందెంలో గెలుచుకున్న మనిషి మాత్రం లేడు కదా! మోహన్ భుజం చుట్టూ చెయ్యి వేసి బండి ఎక్కించుకుని పోయాడు. వాడు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు. నారప తాతయ్యతో, "శివరామయ్యా, మాట అంటే నీదేనప్పా" అన్నాడు మెచ్చుకోలుగా. థూ! ఆ మాటకు తాతయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

ఇంటికొచ్చి నాన్నమ్మకు చెబితే ఆమె కూలబడిపోయింది. అమ్మ ఏడ్చింది. నాన్న పొలానికి నీళ్ళు కట్టాలని వెళ్ళిపోయాడు. రేపో ఎల్లుండో వాడే వచ్చేస్తాడులే అని మాకు మేమే చెప్పుకున్నాం. వాడు రాలేదు. పరీక్షలు ఇంకో వారంలోకి వచ్చాయి. నాన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, "వాణ్ణి తీసుకురావే హేమా. ఇంకేమీ వద్దు. వాడు ఇంటికొస్తే చాలు" అంది.

హోస్పేట రోడ్డులో గాదిలింగప్ప గెస్ట్‌హౌసుకు బస్సు దిగి వెళ్ళాను. ఎయిర్‌కండిషన్ గదిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. లోపల మల్లెపూల సెంటూ, బిర్యానీ మసాలా, సిగరెట్టు పొగా కలిసిన వాసన. పెద్ద సోఫాలో మోహన్ కూర్చుని ఉన్నాడు. బుగ్గలు ఉబ్బాయి. పక్కన ఎముకలు మిగిలిన పళ్ళెం. గాదిలింగప్ప స్నేహితుడొకడు వాడి జబ్బ నొక్కి, "బాగా మేసినాడు గదప్పా" అంటున్నాడు. మా వాడు సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు.

"మోహన్, లే. సోమవారం పరీక్ష. ఇంటికి పోదాం" అన్నాను.

వాడు గాదిలింగప్ప వైపు చూశాడు. నా వైపు కాదు, అతని వైపు.

"ఏనమ్మా, ఊట ఆయ్తా? తిన్నావా ఏమన్నా?" అన్నాడు గాదిలింగప్ప. "నేనేమన్నా కట్టేసినానా వాన్ని? వాకిలి తెరిసే ఉండాది. అడుగు, వస్తే తీస్కపో."

"తాతయ్య మాట పోతుంది కదక్కా" అన్నాడు మోహన్ నెమ్మదిగా. "పరీక్ష మళ్ళీ రాయచ్చు. ఇక్కడ అందరూ బాగా చూసుకుంటున్నారు. నాకు సొంత కంప్యూటర్ ఇచ్చారు తెలుసా?"

చెంప పగలగొట్టాలనిపించింది. కాలితో నేల తన్ని, "వీళ్ళు నిన్ను చూసుకోవడం లేదురా, మేపుతున్నారు. బుద్ధి ఉండక్కర్లా?" అని అరిచాను. వాడి ముఖం చిన్నబోయింది. ఆ చిన్నబోవడంలో నాకు మళ్ళీ నా తమ్ముడు కనబడ్డాడు. నాకు కావలసింది అదే.

గాదిలింగప్పకు ఇదంతా వినోదంగా ఉంది. "పందెంలో వచ్చినోడు పందెంలోనే పోవాలమ్మా. నీకంత కావాలంటే మీ తాత ఇంగో పుంజును దింపమను" అన్నాడు.

"నేనే ఆడతాను" అన్నాను. "గెలిస్తే వాణ్ణి తీసుకుపోతా. వాణ్ణి ఆపడానికి మీరెవ్వరూ నోరెత్తకూడదు. వాడు కూడా ఎత్తకూడదు."

గదిలో అందరూ పడీ పడీ నవ్వారు. గాదిలింగప్ప నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "ఎవురితో ఆడతావు? బెంగళూరోన్ని పంపించేసినా. ఆఁ, నీ తమ్మునితోనే ఆడు! వానికోసం వానితోనే!" అన్నాడు. ఆ ఆలోచనకు మురిసిపోయి వెంటనే నారపకు ఫోన్ చేశాడు. నారప మా తాతయ్యకు చేశాడు. తాతయ్య క్షణం ఆలోచించకుండా సరేనన్నాడట. పోయిన పేరు తిరిగి తెచ్చుకునే దారి దొరికింది కదా ఆయనకు. పెట్టను బరిలోకి దింపరన్న నియమం ఏ కాలవలో కొట్టుకుపోయిందో.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నమ్మ కంచం పక్కకు తోసేసింది.

"ఒక పెట్ట కింద పొదిగిన పుంజుల్ని ఎదురెదురు దింపడం పాపమని పోయినేడు పక్క క్యాంపువాళ్ళతో తగువేసుకుని వచ్చారు కదండీ. ఇప్పుడు అక్కనీ తమ్ముణ్ణీ దింపుతారా?"

తాతయ్య మజ్జిగ కలుపుకుంటూ, "అవి నోరులేని జీవాలు సుబ్బూ. వాటికైతే పాపం. వీళ్ళకు తెలివుంది కదా" అన్నాడు. అని, అన్నం తినేశాడు. నేను ఆయన నములుతున్న నోటి వంక చూస్తూ ఉండిపోయాను. అంత అసహ్యం నాకు అంతకుముందు ఎవరిమీదా పుట్టలేదు.

ఆదివారం పొద్దున్నే నారప బంగళాలోనే మళ్ళీ. నాకు ఏ రంగు బట్టలు కట్టాలో చెప్పబోతే తాతయ్య వైపు ఒక్క చూపు చూశాను, ఊరుకున్నాడు. పాత కాలేజీ చుడీదార్లోనే వెళ్ళాను. వెనకటిలా పెద్ద గుంపు. ఆడపిల్ల ఆడుతుందని ఇంకా ఎక్కువమంది వచ్చారు. సుదర్శన్ ఆ సీరియల్లో రాజు వేసుకునే పొడుగు కోటు కుట్టించుకుని తిరుగుతున్నాడు, ఆ ఎండల్లో.

బల్లల దగ్గర కూర్చునే ముందు మోహన్ చెవి దగ్గరికి వంగాను. "నీ కత్తి నన్ను తాకదు. నాకు కత్తి సరిగా రాదు. నిన్ను ఓడిపొమ్మనను, ఎవరూ గెలవరు. వీళ్ళకు విసుగొచ్చేదాకా ఆడుదాం. తర్వాత నువ్వు లేచి నాతో రా. నాన్నమ్మ నీకోసం ఏమీ తినడం లేదు" అన్నాను.

వాడు తలెత్తి నన్ను చూశాడు. కళ్ళలో నీళ్ళు. "సరేక్కా" అన్నాడు.

ఆ మాట చాలు నాకు. గుండె తేలికై కూర్చున్నాను.

ఆట మొదలైంది. వాడు దూకాడు, నేను జరిగాను. వాడు అడ్డంగా నరికాడు, నేను కూర్చున్నాను. వాడి కత్తి ఎటు లేస్తుందో నా వేళ్ళకు ముందే తెలుసు. ఇన్నేళ్ళూ ఆ కత్తి కింద కాళ్ళు నావే కదా. నేను ఎటు జరుగుతానో వాడికీ తెలుసు. కాసేపటికి అది పోట్లాటలా లేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మళ్ళీ ఒకటే ఆట ఆడుతున్నట్టుంది. తెర పక్కనుంచి చూస్తే వాడి పెదాల మీద చిన్న నవ్వు. నాకూ నవ్వొచ్చింది. తెరమీద వాడి వీరుడు కత్తి దించి నిలబడ్డాడు. నా వీరుడూ నిలబడ్డాడు. ఇద్దరూ ఊరికే అలా నిలబడి ఉన్నారు.

"ఏందిది? నాటకమాడతాండారా?" అన్నారెవరో వెనక నుంచి. "కొట్టప్పా! కొట్టమ్మా!" అని కేకలు. సోఫా చేతుల మీద చరుపులు. ఎవడో కోడి ఎముక విసిరాడు, నా బల్లమీద పడింది. నేను కదల్లేదు. మోహనూ కదల్లేదు. ఇంకొంచెం ఓపిక పడితే ఇంటికి పోతాం అనుకున్నాను.

అప్పుడు తాతయ్య నా పక్కకు వచ్చాడు. ఏదో చెప్పడానికి వచ్చాడనుకుని తల తిప్పాను. ఆయన చేతిలో నీళ్ళ చెంబు ఉంది. బరిలో పుంజు పోట్లాడకుండా నిలబడిపోతే దాన్ని రేపడానికి పందెగాళ్ళు నోటినిండా నీళ్ళు పుక్కిలించి దాని ముఖం మీద ఊదుతారు. ఆయన ఊదాడు. నా ముఖం మీద! చుట్టకంపు కొట్టే ఎంగిలి నీళ్ళు కళ్ళలో, ముక్కులో, నోట్లో పడ్డాయి. కావాలని చేసినట్టు కూడా లేదు. జీవితమంతా చేసిన పని చెయ్యి దానంతటదే చేసేసినట్టుంది.

హాలంతా ఘొల్లుమంది. కళ్ళు మూసుకుపోయి నాకేమీ కనబడటం లేదు గానీ, చెవులు పనిచేస్తున్నాయి. అంతమంది నవ్వులో ఒక నవ్వు నేను చిన్నప్పటి నుంచీ విన్నది. ఆ నవ్వు వెంటే మౌస్ చప్పుడు వినబడింది.

చున్నీతో ముఖం తుడుచుకుని చూసేసరికి నా తెరంతా ఎర్రగా ఉంది. నా వీరుడు నేలమీద పడి ఉన్నాడు.

మోహన్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. గాదిలింగప్ప వాణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. వాడు ఆయాసపడుతూ, మెరిసే ముఖంతో నా వైపు చూసి, "కళ్ళెందుకు మూసుకున్నావక్కా? ఛాన్సిస్తే ఎవరైనా వదులుతారా!" అన్నాడు. అందులో తప్పేదైనా ఉందని వాడికి తోచనే లేదు. నేను ఏడుస్తానేమో, తిడతానేమో అని కూడా వాడు చూడలేదు. ఆటలో ఓడిన ఇంకెవరితోనో మాట్లాడినట్టు మాట్లాడాడు.

తాతయ్య చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తన పుంజు ఓడింది, నిజమే. కానీ ఆయన కళ్ళు మాత్రం మోహన్ మీదే ఉన్నాయి. "చూశావటే ఆ దెబ్బ? సందు దొరికితే వదల్లేదు. అదీ జాతంటే" అన్నాడు నాతో, ముఖం ఇంత చేసుకుని.

అక్కడ ఒక మాట అనడానికి మనుషులెవరూ లేరు. సింహాల గేటు దాటి రోడ్డు మీదకు వచ్చి, వచ్చిన బస్సు ఎక్కాను. ముఖం ఎన్నిసార్లు తుడుచుకున్నా చుట్టకంపు పోలేదు. పక్కన కూర్చున్న ఒకావిడ నా వైపు చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నాన్నమ్మ వాకిట్లోనే ఉంది. ఆమె వెనక వంటింట్లో నాకొకటీ మోహన్‌కొకటీ రెండు విస్తళ్ళు వేసి ఉన్నాయి, రెండింట్లోనూ అన్నం వడ్డించి ఉంది. నా వెనక రోడ్డు వైపు తొంగి చూసి, "వాడేడే? ఓడిపోయావా?" అని అడిగింది.

"ఓడిపోయాను. వాడు గెలిచాడు నాన్నమ్మా" అన్నాను. "వాడింక రాడు. తిను."

నాన్నమ్మ లోపలికి పోయి, వాడి విస్తట్లో అన్నం తీసుకొచ్చి దొడ్లో పుంజుల ముందు పోసింది.